బడి లైబ్రరీ ఆటలకు స్టోరీవీవర్: చిరిగినా ఫర్వాలేని పుస్తకం ఎంత పని చేస్తుందో

మన బడుల్లో లైబ్రరీ అంటే చాలాచోట్ల ఒక ఇనుప బీరువా, దానికో తాళం. పుస్తకాలన్నీ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కి ఉంటాయి. ఒక్కటి తగ్గినా బాధ్యత చూసే టీచరు లెక్క చెప్పుకోవాలి. అందుకే "పిల్లలకు లైబ్రరీ పరిచయం" అనే కార్యక్రమం చివరికి బీరువా తలుపులు తెరిచి, దూరం నుంచి చూపించి, నియమాలు చదివి వినిపించి, మళ్లీ తాళం వేయడంగా ముగుస్తుంది. ఆట ఆడించాలంటే పుస్తకం చేతులు మారాలి, నేలమీద పరచాలి, ఆరో తరగతి పిల్లాడు దాన్ని వెల్లకిలా, బోర్లా తిప్పి చూడాలి. ఆ చొరవకు అడ్డుపడేది పిల్లల అల్లరి కాదు, రిజిస్టర్ భయం.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌ను ఈ సమీక్షలో చూస్తున్నది ఆ ఒక్క కోణం నుంచే. 2004లో మొదలైన ఈ లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ 2015 సెప్టెంబర్ 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినం నాడు, ఈ వెబ్‌సైటును తెరిచింది. పిల్లల కథలు తెలుగుతో సహా చాలా భాషల్లో ఉచితంగా దొరుకుతాయి. చదువుకోవడం వరకే అయితే ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బడికి అసలు ఉపయోగపడేది దీని లైసెన్సు. కథల్లో ఎక్కువ భాగం క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 అనే లైసెన్సు కింద ఉంటాయి. అంటే రచయిత, చిత్రకారుల పేర్లు చెప్పి, మార్పులు చేస్తే ఆ సంగతి రాసి, ఎన్ని కాపీలైనా ప్రింటు తీసుకోవచ్చు, కత్తిరించవచ్చు, వేరే భాషలోకి మార్చవచ్చు. ఒక కథను ముక్కలు చేసి నలభై మంది చేతుల్లో పెట్టడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఏ రిజిస్టర్లోనూ కొట్టివేతలు ఉండవు.

కథల ఎంపిక దగ్గర కొంచెం ఆగాలి. సైటులో భాష, స్థాయి, విషయం వారీగా వడపోసుకోవచ్చు. స్థాయిలు నాలుగు. మొదటిది 250 పదాల లోపు, రెండోది దాదాపు 600 వరకు, మూడోది 1500 వరకు, నాలుగోది అంతకు మించి. ఈ లెక్క తెలుగుకు అచ్చంగా అతకదు. "వెళ్లిపోతున్నప్పుడు" అన్నది లెక్కలో ఒక్క మాటే, కూడబలుక్కుని చదివే పిల్లకు మాత్రం అది నాలుగు మాటల బరువు. కాబట్టి స్థాయి అంకెను చూసి కాదు, ఒత్తులు, పొడవాటి క్రియలు ఎన్ని ఉన్నాయో చూసి ఎంచుకోవాలి. మూడో తరగతికి అనుకున్న కథలో మొదటి మూడు పేజీలు పైకి చదివి చూడండి. మీ నాలుకే రెండుసార్లు తడబడితే అది ఐదో తరగతి కథ.

ఇంకో సంగతి, ఇక్కడి తెలుగు కథల్లో చాలావరకు అనువాదాలు. ఎవరైనా అనువదించి ప్రచురించే వీలుంది కాబట్టి నాణ్యత ఒకేలా ఉండదు. కొన్ని హాయిగా సాగుతాయి, కొన్నిట్లో వాక్యం వేరే భాష నడకలో కుంటుతుంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన కథల్లో బంధుత్వాలు ముఖ్యంగా చూసుకోవాలి. అక్కడ ఒకే మాటతో సరిపెట్టిన ముసలావిడ ఇక్కడ అమ్మమ్మో నాయనమ్మో తేలకపోతే పిల్లలు కథ ఆపి అదే అడుగుతారు. లైసెన్సు ఒప్పుకుంటుంది కనుక మాట మార్చి ప్రింటు తీసుకోవచ్చు, మార్చినట్టు చివరి పేజీలో ఒక వాక్యం రాస్తే చాలు. అయితే పీడీఎఫ్‌లోంచి తెలుగును కాపీ చేసి వేరేచోట అతికిస్తే చాలాసార్లు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. రెండు మూడు వాక్యాలైతే మళ్లీ టైపు చేసుకోవడమే తక్కువ శ్రమ.

ప్రింటు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఖాతా తెరిచి (ఉచితమే) పీడీఎఫ్ దించుకున్నాక ముందు పేజీ అడ్డమా నిలువా చూడాలి. నిలువు పేజీల కథ అయితే ఏ4 కాగితాన్ని మధ్యకు మడిచి చిన్న పుస్తకం చేయవచ్చు. ప్రింటు సెట్టింగుల్లో బుక్‌లెట్ ఎంచుకుని, రెండు వైపులా వచ్చేలా పెట్టి, కాగితం పొట్టి అంచు వైపు తిరిగేలా చూసుకోవాలి. పొడుగు అంచు ఎంచుకుంటే వెనక పేజీలన్నీ తలకిందులుగా వస్తాయి. ఒక్కో కాగితం మీద నాలుగు పేజీలు పడతాయి కాబట్టి, 14 పేజీల కథకు నాలుగు కాగితాలు పట్టి రెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీని వదిలేయకండి. "ఈ పుస్తకం చదివినవారు" అని గీతలు కొట్టి ఉంచితే తర్వాత ఆటకు పనికొస్తుంది. పొడుగు చేయి స్టేప్లర్ లేకపోతే మామూలు స్టేప్లర్‌ను విప్పి, కింద థర్మోకోల్ ముక్క పెట్టి, మడత మీద నొక్కి, పిన్ను కొసలను చెంచా వెనక భాగంతో లోపలికి వంచాలి. కొసలు పొడుచుకుని ఉంటే చిన్నపిల్లల వేళ్లు గీరుకుంటాయి.

అడ్డం పేజీల కథను బుక్‌లెట్‌గా పెడితే బొమ్మ అగ్గిపెట్టెంత అయిపోయి, పైనా కిందా తెల్లగా మిగిలిపోతుంది. దానికి కాగితానికి రెండు పేజీలు, ఒకదాని కింద ఒకటి వచ్చేలా ప్రింటు తీసి, మధ్యకు కత్తిరించి, ఎడమవైపు దారంతో కుట్టుకోవాలి. నలుపు తెలుపులో తీసేటప్పుడు రాత్రి పూట, అడవి లోపల జరిగే కథలు వద్దు. జిరాక్సులో బొమ్మంతా ఒకే నల్లటి మచ్చగా పడుతుంది. గీత బొమ్మలు, తెల్ల నేపథ్యం ఉన్నవి ఎంచుకోవాలి. ఏదైనా ముందు ఒకే ఒక్క కాపీ తీసి, మడిచి, చూసి, అప్పుడు మిగతావి.

ఇక ఆటలు. అన్నిటికన్నా ముందు ఆడించాల్సింది పేజీలు కలిపేసే ఆట. రెండో స్థాయి కథ, పదీ పన్నెండు పేజీలది, ఒక్కో జట్టుకు ఒక సెట్టు. పేజీలన్నీ కలిపేసి, అట్ట, లోపలి పేరు పేజీ, వెనక అట్ట, వివరాల పేజీ కూడా అందులోనే ఉంచాలి. జట్టుకు నలుగురు, పన్నెండు నిమిషాలు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పేజీ అంకెలు అలాగే ఉంచేస్తారు. పిల్లలు కథ ముట్టకుండా అంకెలు చూసి అర నిమిషంలో పేర్చేస్తారు. జిరాక్సుకు ముందు అంకె మీద తెల్ల కాగితం ముక్క అంటించండి. అప్పుడు చూడాలి: ఒకరు చదువుతుంటే ఇంకొకరు బొమ్మలో గొడుగు ఏ పేజీలో మొదలైందో వెతుకుతారు, మూడోవాడు "ఇది ఆఖరుది కాదు, ఇంకా వాన పడుతోంది" అని వాదిస్తాడు. ఈ ఆట లక్ష్యం కథ వరుసే కాదు. పేరు పేజీ, వివరాల పేజీ ఎక్కడ పెట్టాలన్న చర్చలోనే రచయిత ఎవరు, బొమ్మలు వేసిందెవరు, అనువదించిందెవరు అన్నవి వేర్వేరు పనులని పిల్లలకు తెలుస్తుంది. ఆ వివరాల పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. ప్రాథమిక తరగతులకు పక్కన తెలుగులో రాసి పెట్టాలి. పెట్టకపోతే పిల్లలు దాన్ని పక్కన పడేస్తారు.

దీనికి చిన్న కొనసాగింపుగా అట్టలూ, వెనక అట్ట మీది నాలుగు వాక్యాల పరిచయాలూ విడివిడిగా పంచి జత కలపమనవచ్చు. పది నిమిషాల ఆట. పుస్తకం ఎంచుకునేటప్పుడు వెనక్కి తిప్పి చదివే అలవాటు దీంతోనే పడుతుంది.

ఇక్కడిదాకా స్టోరీవీవర్ ఒక్కటే చాలు. అరల దగ్గరికి వచ్చేసరికి దాని పరిమితి బయటపడుతుంది. సైటులో కథలకు వర్గీకరణ అంకెలు ఉండవు. విషయం పేర్లు ఉంటాయి గానీ, లైబ్రరీ అర మీద ఉండే డ్యూయీ అంకెకు (పుస్తకాలను విషయాల వారీగా అమర్చే అంకెల పద్ధతి) వాటితో సంబంధం లేదు. ఫోన్లో ఎంత చదివినా "ఈ పుస్తకం ఆ మూల రెండో అరలో ఉంటుంది" అన్న జ్ఞానం రాదు. ఆ పని సొంత పుస్తకాలతోనే జరగాలి.

దానికి మంచిది బల్లల వేట. బీరువా ఒక్కటే ఉన్న బడి అయితే పుస్తకాలను ఎనిమిది బల్లల మీదికి తేవాలి: 030 విజ్ఞాన సర్వస్వాలు, 398 జానపద కథలు, 510 గణితం, 590 జంతువులు, 796 ఆటలు, 894.827 తెలుగు సాహిత్యం, 910 భూగోళం, 920 జీవిత చరిత్రలు. బల్లకు పది పన్నెండు పుస్తకాలు చాలు. నలభై మందిని ఐదుగురి చొప్పున ఎనిమిది జట్లు చేసి, ఒక్కో జట్టు ఒక్కో బల్ల నుంచి మొదలుపెట్టాలి. మూడు నిమిషాలకోసారి విజిల్, పక్క బల్లకు జరగాలి. మొత్తం 24 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్‌లో వివరించడానికి ఐదు పోను, చివర మాట్లాడుకోవడానికి పదహారు మిగులుతాయి. అందరినీ ఒకే సూచనతో మొదలుపెడితే మాత్రం నలభై మందీ ఒకే బల్ల మీద పడతారు, రెండు అట్టలు ఊడతాయి, ఆట అక్కడితో ఆగుతుంది.

ప్రశ్నలు తయారుచేయడంలో ఉంది అసలు పని. "కబడ్డీలో ఒక జట్టు నుంచి కోర్టులో ఎంతమంది?" అని అడిగితే పుస్తకం తెరవకుండానే ఏడుగురని రాసేస్తారు. తెలిసిన జవాబున్న ప్రశ్న ఈ ఆటలో వృథా. "ఈ బల్ల మీది ఏదో ఒక పుస్తకం విషయసూచికలో మూడో అధ్యాయం పేరు, అది మొదలయ్యే పేజీ రాయండి" అంటే ఎంత తెలివైనవాడైనా తెరవాల్సిందే. ప్రతి ప్రశ్నకూ జవాబు ఆ బల్ల మీద నిజంగా ఉందో లేదో ముందురోజు సరిచూసుకోవాలి. పుస్తకం తీసినచోట జాగా గుర్తు ఉండేలా 30 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు అట్టముక్కలు జట్టుకొకటి ఇవ్వండి. పుస్తకం తీయగానే ఆ ఖాళీలో అట్టముక్క నిలబెట్టాలి, పుస్తకం పెట్టాకే దాన్ని తీయాలి. ఈ ఒక్క అలవాటు ఏడాదంతా అరలను నిలబెడుతుంది.

స్టోరీవీవర్ కథను ఈ వేటకు ముందు వాడుకుంటే బాగా అతుకుతుంది. పిట్ట కథ ఒకటి ఏడెనిమిది నిమిషాలు పైకి చదివి, "ఈ కథ ఏ బల్ల మీదికి పోవాలి? ఈ పిట్ట గూడు ఎలా కడుతుందో చెప్పే పుస్తకం ఏ బల్ల మీద ఉంటుంది?" అని అడగాలి. కల్పనకూ సమాచారానికీ తేడా ఉపన్యాసం లేకుండా తేలిపోతుంది. నియమం ప్రకారమైతే హిందీ నుంచి తెలుగైన కథ 891.43లో, హిందీ సాహిత్యం కింద ఉండాలి. బడిలో అంత పట్టింపు వద్దు. తెలుగులో చదివే కథలన్నీ ఒకచోటే ఉంచితేనే పిల్లలకు దొరుకుతాయి.

పెద్ద తరగతులకు మనుషుల వరుస. పిల్లల చేతికి అంకెల అట్టలిచ్చి, మాట్లాడకుండా వరుసలో నిలబడమనాలి. 398, 590, 796, 910 అయితే అర నిమిషం. అసలు పరీక్ష 796 లోపలే ఉంది: 796.334 ఫుట్‌బాల్, 796.342 టెన్నిస్, 796.345 బ్యాడ్మింటన్, 796.358 క్రికెట్, 796.4 అథ్లెటిక్స్, జిమ్నాస్టిక్స్. దాదాపు ప్రతి జట్టూ 796.4ను అందరికన్నా ముందు నిలబెడుతుంది, 334 కన్నా 4 చిన్నది కదా అని. అప్పుడు చాక్‌పీస్‌తో ఆ అట్ట మీద 4 పక్కన రెండు సున్నాలు రాయండి. 796.400 చేతిలో పట్టుకున్న పిల్ల తనంతట తానే నడుచుకుంటూ వరుస చివరికి వెళుతుంది. దశాంశాల పాఠం లెక్కల టీచరుకూ సగం తేలికవుతుంది. ఆరో తరగతిలో దశాంశాలు చెప్పకముందే ఈ ఆట పెడితే మాత్రం అయోమయమే మిగులుతుంది. లెక్కల టీచర్ని అడిగి తేదీ పెట్టుకోండి.

అక్షర క్రమంలో మన భాషకే ఉన్న చిక్కులు రెండు. గోడ మీది వర్ణమాల చార్టులో క్ష చివర ఉంటుంది, నిఘంటువులో మాత్రం క కిందికి వస్తుంది. చార్టు చూసి నేర్చుకున్న పిల్లలు "క్షణం" కోసం నిఘంటువు ఆఖరి పేజీలు తిప్పుతారు. రెండోది ఇంటిపేరు. గురజాడ అప్పారావును గు దగ్గర వెతకాలా, అ దగ్గరా? గిడుగు రామమూర్తి? శ్రీశ్రీ వంటి కలం పేరు? ఏదైనా ఒక పద్ధతి ఎంచుకుని, పెద్ద అక్షరాలతో రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటించాలి. ఒకే లైబ్రరీలో రెండు పద్ధతులుంటే పిల్లలకు ఏదీ దొరకదు.

చిరిగిన ప్రింట్లు పారేయకండి, పుస్తకాల ఆసుపత్రికి అవి కావాలి. రెండు చెంచాల మైదాను కప్పు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ జిగురుగా, కొంచెం పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి చల్లార్చాలి. పల్చటి టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పున కత్తెరతో కాకుండా చేత్తో చింపాలి. చింపిన అంచు నూగులా ఉండి పేజీలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గట్టు కట్టి అక్కడే మళ్లీ చిరుగుతుంది. చిరుగు మీద పల్చగా జిగురు రాసి, టిష్యూ పరిచి, పైనా కిందా పాలిథీన్ కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. జిగురు ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పులిసి వాసన వస్తుంది. సెల్లో టేపు ఎందుకు వద్దో పిల్లలకు చూపించడానికి పాత పుస్తకంలో టేపు వేసిన పేజీ ఒకటి తెరవండి. పసుపచ్చగా మారి, టేపు ఊడి, జిడ్డు మాత్రం కాగితంలో మిగిలిపోయి ఉంటుంది. ఆ పేజీ కన్నా గట్టిగా ఎవరూ చెప్పలేరు.

ఐదు వేళ్ల పరీక్ష గురించి చాలామందికి తెలుసు: ఒక పేజీ చదువుతూ తెలియని మాటకొక వేలు ముడవాలి, ఐదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. స్టోరీవీవర్ మొదటి రెండు స్థాయిల్లో పేజీకి కొద్ది వాక్యాలే ఉంటాయి కాబట్టి ఐదు వేళ్లు ముడుచుకోవడం అరుదు. అక్కడ మూడు వేళ్ల లెక్క పెట్టుకోండి.

ఆదిలాబాద్ వైపు బడులకు ఒక మాట. సైటులో గోండి కథలూ ఉన్నాయి, కానీ దేవనాగరి లిపిలో. తెలుగు లిపి చదివే పిల్లలు సొంతంగా చదవలేరు. హిందీ చదవగలిగిన టీచరు పైకి చదివితే, ఇంటి భాష లైబ్రరీ గదిలో వినబడడం పిల్లలకు చాలా పెద్ద విషయం. మాట తేడాలుంటే పిల్లలే సరిచేస్తారు, సరిచేయనివ్వండి.

మొత్తం మీద ఎవరికి పనికొస్తుంది? ప్రింటరో, దగ్గర్లో జిరాక్సు దుకాణమో ఉన్న బడికి తప్పకుండా. నెట్ అంతంతమాత్రంగా ఉన్నా ఒకసారి దించుకుంటే సరిపోతుంది. తరగతి అంతటికీ ఒకే ఫోన్ తెర చూపిస్తూ నడిపిద్దామనుకుంటే మాత్రం వద్దు. మొదటి రెండు వరుసలకే కనిపిస్తుంది, మిగతావాళ్లకు లైబ్రరీ అంటే వినబడని సినిమా అవుతుంది. పై తరగతుల సంగతికొస్తే, ఎనిమిది దాటిన పిల్లలు ఈ కథలను చిన్నపిల్లలవని తీసిపారేస్తారు. వాళ్లకు చదివే పని కాకుండా అనువదించే పని ఇవ్వండి. ఇంగ్లీషు లేదా హిందీ మూలం, అందులోంచి మూడో తరగతికి అర్థమయ్యే తెలుగు. తర్వాత ఆ మూడో తరగతి ముందే చదివి వినిపించమనండి, పిల్లలు ఎక్కడ దిక్కులు చూశారో అక్కడ వాక్యం మార్చాలని వాళ్లకే తెలుస్తుంది.

తేదీల విషయానికి వస్తే, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం వద్దు, పుస్తకాల పంపిణీతో గందరగోళంగా ఉంటుంది. జులైలో పేజీల ఆట మొదలుపెడితే, భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ పేరిట గ్రంథాలయాధికారుల దినం జరిపే ఆగస్టు 12 నాటికి బల్లల వేటకు వస్తారు, నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు పిల్లలే ఆటలు నడిపించగలుగుతారు.

చివరిగా అరువు ఆట. ప్రింటు పుస్తకాలకు స్టాక్ రిజిస్టర్ అంకె వేయకండి. ప్ర-1, ప్ర-2 అని వేరే వరుస, వేరే నోటు పుస్తకం. ఐదు గడులు: తేదీ, పేరు, తరగతి, పుస్తకం అంకె, తెచ్చిచ్చిన తేదీ. వారానికి ఇద్దరు పిల్లలు ఆ బల్ల దగ్గర కూర్చుని రాస్తారు. గడువు ఏడు రోజులు, జరిమానా లేదు. పోయింది పోయినట్టు రాసి, మళ్లీ ప్రింటు తీయాలి. ఏ తరగతి సమయానికి తెస్తోంది, ఏ పుస్తకం ఎక్కువ చేతులు మారుతోంది అన్నవి మూడు వారాల్లో ఆ నోటు పుస్తకంలోనే కనిపిస్తాయి. నాలుగో వారం అదే బల్ల మీద, అదే ఐదు గడుల్లో, బీరువాలోని పుస్తకాలు పది పెట్టి చూడండి.